మంట లేని కడుపు

రాయలసీమలో కడుపుకు ఏ జబ్బు వచ్చినా అందరూ మొదట వేలెత్తి చూపేది కారాన్నే. గండికోట చూసిపోదామని వచ్చినవాళ్లు జమ్మలమడుగులో ఆగి, రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి తిని, ముక్కు తుడుచుకుంటూ "రోజూ ఇంత కారం తింటే వీళ్ల పేగులేం కావాల?" అనుకుంటారు. ఊరివాళ్ల మాటా అదే. పులితేన్పులు, రొమ్ము కింద మంట అని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే, "కారం తగ్గించు పెద్దాయనా" అంటూ ఒక గ్యాస్ మాత్రల షీటు చేతిలో పెడతాడు. పెద్దాయన నాలుగు రోజులు పథ్యం చేస్తాడు. మంట తగ్గుతుంది. అయిదో రోజు ఎర్రకారం దోసెల బండి దగ్గర కనబడతాడు.

ఈ వ్యవహారంలో అందరి చూపూ మంట మీదే. కడుపు లోపలి పొరలో క్యాన్సర్‌కు ముందుమెట్లు అనదగ్గ మార్పులకు మాత్రం మంటతో పెద్దగా పని లేదు. అవి ఏళ్లూ పూళ్లూ చప్పుడు చేయకుండా సాగుతాయి. పైగా ముదిరేకొద్దీ కడుపులో యాసిడ్ ఊరడం తగ్గుతుంది. అంటే మంట లేదు కాబట్టి కడుపు బాగుందనుకోవడానికి వీల్లేదు. మనం యాసిడ్‌కు భయపడతాం. ఈ జబ్బు సంగతి తెలిసినవాళ్లు యాసిడ్ తగ్గిపోవడానికి భయపడతారు.

ముందు కారం సంగతి తేల్చుకుందాం. 1988లో అమెరికాలో డేవిడ్ గ్రాహం అనే వైద్యుడి బృందం ఒక సరదా ప్రయోగం చేసింది. ఆరోగ్యంగా ఉన్న కొందరికి ఒకసారి చప్పిడి భోజనం, ఒకసారి హాలపీన్యో మిరపకాయలు దట్టించిన మెక్సికన్ భోజనం, మరోసారి చప్పిడి భోజనంతో ఆస్పిరిన్ మాత్రలు ఇచ్చి, తర్వాత గొట్టం వేసి కడుపులోకి చూసింది. అంతటితో ఊరుకోకుండా, నూరిన మిరపకాయలు 30 గ్రాములు గొట్టంతో నేరుగా కడుపులోకి దించి మళ్లీ చూసింది. మిరపకాయలకు కడుపు పొర చెక్కుచెదరలేదు. ఆస్పిరిన్ వేసుకున్నవాళ్ల కడుపుల్లో మాత్రం పుండ్లు కనబడ్డాయి. మోకాళ్ల నొప్పులకు రోజూ నొప్పుల మాత్ర మింగుతూ, మంటకు మాత్రం కారాన్ని తిట్టుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

అలాగని కారానికి పూర్తి విడుదల ఇవ్వలేం. 1994లో మెక్సికో నగరంలోనూ, 2000లో తిరువనంతపురంలోనూ వెలువడిన అధ్యయనాల్లో కడుపు క్యాన్సర్ వచ్చినవాళ్లు, రానివాళ్ల కంటే కారం ఎక్కువ తింటున్నట్టు తేలింది. తిరువనంతపురం అధ్యయనంలో కారంతో పాటు అన్నం మరీ ఎక్కువ తినడం, పొగలు కక్కే వేడిలోనే తినడం కూడా లెక్కకొచ్చాయి. అయితే ఇలాంటి అధ్యయనాలు మనిషి జ్ఞాపకం మీద నడుస్తాయి. కడుపులో జబ్బుందని తెలిసినవాడు తిన్న కారాన్నే ఎక్కువ గుర్తుపెట్టుకుంటాడు. కాబట్టి కారం మీద అనుమానం ఉంది, రుజువు మాత్రం పలచన. రుజువు గట్టిగా ఉన్న కారణాలు వేరే ఉన్నాయి. వాటి గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

జీర్ణాశయం లోపలి పొర సన్నని గ్రంథులతో నిండి ఉంటుంది. వాటిలో కొన్ని యాసిడ్‌ను, కొన్ని మాంసకృత్తులను విడగొట్టే పెప్సిన్‌కు ముడిసరుకును ఊరిస్తాయి. పైన జిగురు పూత ఒకటి పరుచుకుని, ఆ యాసిడ్ తన గోడనే తినేయకుండా కాపాడుతుంది. పై కణాలు కొద్ది రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. ఈ ఏర్పాటు మెట్టు మెట్టుగా ఎలా చెడుతుందో లోకానికి చెప్పినవాడు పెలాయో కొర్రెయా అనే కొలంబియా వైద్యుడు. 1975లో ఆయన, సహచరులు ప్రకటించిన నమూనాను ఆ తర్వాత ఆయనే సరిదిద్దుకుంటూ వచ్చాడు. ఇవాళ ప్రపంచమంతా దాన్ని కొర్రెయా మెట్లు అనే పేరుతో పాటిస్తోంది.

మొదటి మెట్టు వాపు. పొరలోకి తెల్ల రక్తకణాలు చేరి తిష్ఠ వేస్తాయి. ఆ వాపు పదేళ్లు, ఇరవయ్యేళ్లు ఆరకుండా ఉంటే గ్రంథులు ఒక్కొక్కటే నశిస్తాయి. పొర పలచబడుతుంది. ఎండోస్కోపీలో చూస్తే గులాబీ రంగు తగ్గి, పాలిపోయి, కింది రక్తనాళాలు పైకి కనబడుతుంటాయి. ఇది రెండో మెట్టు, క్షీణత. మూడోది అన్నిటికంటే విచిత్రం. పోయిన గ్రంథుల చోట కడుపు కణాలకు బదులు పేగు కణాలు పుట్టుకొస్తాయి. వరి మడిలో జొన్న మొలిచినట్టు. బయాప్సీ ముక్కకు ఆల్షియన్ బ్లూ అనే రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెడితే, కడుపులో ఎప్పుడూ ఉండకూడని ఉబ్బుడు కణాలు నిండుగా నీలం రంగు తాగి వరుసల మధ్య బొట్లు బొట్లుగా కనబడతాయి. పాథాలజీ డాక్టర్లు దీన్ని ఇంటెస్టినల్ మెటాప్లేసియా అని రాస్తారు. ఆ తర్వాతి మెట్టు డిస్‌ప్లేసియా. అక్కడ కణాల రూపు, వరుస, కేంద్రకం సైజు అన్నీ దారి తప్పుతాయి. దాని పక్కనే క్యాన్సర్.

మెట్లు అన్నంత మాత్రాన ఎక్కినవాళ్లంతా పైదాకా పోతారని కాదు. రిపోర్టులో మెటాప్లేసియా అన్న మాట చూసి నిద్ర పట్టనివాళ్లకు ఈ లెక్క తెలియాలి. నెదర్లాండ్స్‌లో 92 వేల మందికి పైగా రోగుల రికార్డులు పరిశీలించి 2008లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఏడాదికి క్యాన్సర్ వచ్చేవాళ్లు క్షీణత ఉన్నవాళ్లలో వెయ్యికి ఒకరు, మెటాప్లేసియా ఉన్నవాళ్లలో వెయ్యికి ఇద్దరు ముగ్గురు, తక్కువస్థాయి డిస్‌ప్లేసియాలో వెయ్యికి ఆరుగురు. తీవ్రమైన డిస్‌ప్లేసియాకు వచ్చేసరికి అది ఒక్కసారిగా వందకు ఆరుగురవుతుంది. అంటే కింది మెట్ల మీద ఉన్నవాళ్లకు టైముంది. ఆ టైములో ఏం చేస్తున్నామన్నదే లెక్క.

మొదటి మెట్టు ఎక్కించేది ఎవరు? 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు కడుపు పొర మీద బతికే ఒక వంకర క్రిమిని పెంచి చూపించారు. యాసిడ్ కుండలో క్రిమి బతకడమేమిటని అప్పట్లో చాలామంది నవ్వారు. మార్షల్ 1984లో ఆ క్రిములను కలిపిన ద్రావణం గటగటా తాగేశాడు. కొద్ది రోజులకే వాంతులు పట్టుకున్నాయి, బయాప్సీలో వాపు బయటపడింది. ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ క్రిమి పేరు హెలికోబాక్టర్ పైలోరి. యూరియాను విడగొట్టి అమ్మోనియా తయారుచేసుకుని, తన చుట్టూ యాసిడ్ విరుగుడు పూత వేసుకుంటుంది. జిగురు పొర కింద దూరి బతుకంతా ఉండిపోతుంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని మొదటి తరగతి క్యాన్సర్ కారకాల్లో, అంటే పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న పట్టీలో చేర్చింది.

ఈ క్రిమి మనకు పెద్దయ్యాక హోటల్లో తిని తెచ్చుకునేది కాదు. చాలామందికి అయిదారేళ్లు నిండకముందే అంటుకుంటుంది. ఎక్కువగా ఇంట్లోనే, తల్లి నోటి నుంచో, అన్నదమ్ముల నుంచో, చేతుల నుంచో, నీళ్ల నుంచో. పళ్లు రాని బిడ్డకు అన్నం నమిలి పెట్టడం ప్రేమే గానీ, ఆ ప్రేమతో పాటు క్రిమి కూడా పోగలదు. హైదరాబాద్‌లోని డెక్కన్ వైద్య కళాశాల పరిశోధకులు ఇళ్ల శుభ్రత, తాగునీటి మూలం గురించి చేసి 2007లో ప్రకటించిన అధ్యయనంలో, బావి నీళ్లు తాగేవాళ్లలో కుళాయి నీళ్లు తాగేవాళ్ల కంటే ఈ క్రిమి ఎక్కువగా కనబడింది. అదే ఏడాది హైదరాబాద్‌లోనే నియాజ్ అహ్మద్ బృందం మన దేశపు పైలోరి జన్యువులను చదివి, వాటి మూలాలు ప్రాచీన ఐరోపా జనాల క్రిములతో కలుస్తాయని చెప్పింది. మనుషులు నడిచివచ్చిన దారిలోనే ఇదీ కడుపులో కూర్చుని వచ్చిందన్నమాట.

నీళ్ల దగ్గరకొస్తే, గండికోట చుట్టుపక్కల ఇది చిన్న సంగతి కాదు. కోటలో కత్తుల కోనేరు ఉంది. యుద్ధం నుంచి వచ్చినవాళ్లు నెత్తుటి కత్తులు అందులో కడిగేవాళ్లని, నీళ్లు ఎర్రబారాయని చెప్పుకుంటారు. కింద పెన్న లోయ ఎంత లోతున్నా, ఎండాకాలం ఆ ఏట్లో చెలమలు తవ్వుకుని కడవలు నింపుకున్న తరం ఇంకా ఉంది. తర్వాత చేతిబోర్లు వచ్చాయి, ఇప్పుడు ఇరవై లీటర్ల క్యాన్లు. ఇవాళ అరవయ్యేళ్ల మనిషి కడుపు పొరలో ఉన్న మార్పు చిన్ననాటి చెలమ దగ్గర మొదలై ఉండొచ్చు. ఇప్పుడు మినరల్ వాటర్ తాగుతున్నాను కదా అంటే, అది ఆయన మనవడికి పనికొచ్చే జాగ్రత్త.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి మించి ఈ క్రిమి ఉన్నా, జపాన్, కొరియా, చైనాల్లో మాదిరిగా కడుపు క్యాన్సర్ లేదు. పోనీ మన క్రిములు సాధువులా అంటే, ఇక్కడివాటిలో ఎక్కువ భాగం కాగ్-ఏ అనే చెడ్డ ప్రొటీన్ ఉన్న రకాలే. కొర్రెయా సొంత దేశంలోనూ ఇదే తమాషా. నరీన్యో ప్రాంతంలో ఆండీస్ కొండల మీది ఊళ్లలోనూ, కింద తుమాకో తీరంలోనూ జనానికి క్రిమి దాదాపు ఒకేలా ఉంది. క్యాన్సర్ మాత్రం కొండల మీద ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. తీరంలో ఉన్నది ఎక్కువగా ఆఫ్రికా మూలాల జనం, వాళ్లతో తరతరాలుగా సర్దుకుపోయిన ఆఫ్రికా మూలాల క్రిములు. కొండల మీద అమెరికా ఆదివాసుల రక్తం ఎక్కువగా ఉన్న జనం, వాళ్ల కడుపుల్లో ఐరోపా నుంచి వచ్చిన క్రిములు. మనిషి ఒక వంశం, క్రిమి మరో వంశం అయినచోట రగడ ఎక్కువని తర్వాతి జన్యు పరిశోధనల్లో తేలింది. తిండి కూడా వేరు. తీరంలో చేపలు, పండ్లు ఎక్కువ.

మన వైపు చిక్కుముడిలో ఒక పోగు మాత్రం కొంత విడింది. క్రిమి కడుపులో ఎక్కడ కాపురం పెట్టిందన్నదాన్ని బట్టి దారి మారుతుంది. కడుపు కింది భాగంలోనే వాపు ఉండి, పైభాగంలోని యాసిడ్ గ్రంథులు చెక్కుచెదరకపోతే, యాసిడ్ పెరిగి చిన్నపేగు మొదట్లో పుండు పడుతుంది. అదే డియోడినల్ అల్సర్. వాపు పైభాగానికి పాకి యాసిడ్ గ్రంథులను తినేస్తే, యాసిడ్ తగ్గి క్షీణత మొదలవుతుంది. ఒకే క్రిమి, రెండు దారులు. 1996లో ప్రకటించిన ఒక అధ్యయనంలో స్వీడన్ పరిశోధకులు ఆస్పత్రిలో చేరిన వేలమంది అల్సర్ రోగులను ఏళ్లపాటు అనుసరించి చూశారు. కడుపులో అల్సర్ ఉన్నవాళ్లకు కడుపు క్యాన్సర్ ముప్పు మామూలు కంటే దాదాపు రెట్టింపు ఉంటే, డియోడినల్ అల్సర్ ఉన్నవాళ్లకు మామూలు కంటే తక్కువే. మరి దక్షిణ భారతం డియోడినల్ అల్సర్లకు పేరుమోసిన నేల. 1960ల్లోనే ఎస్.ఎల్. మల్హోత్రా అనే రైల్వే డాక్టరు ఉద్యోగులను పోల్చి చూసి, గోధుమ తినే పంజాబీల కంటే అన్నం తినే దక్షిణాదివాళ్లకు ఈ పుండ్లు బాగా ఎక్కువని రాశాడు. మంటతో మెలికలు తిరిగిన మన ముందుతరం, ఆ మంట కారణంగానే ఇంకో పెద్ద గండాన్ని కొంత తప్పించుకుని ఉండొచ్చు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తి కలిగించే సంగతి ఇదే.

మన దగ్గర కడుపు క్యాన్సర్ తక్కువన్న మాట దేశమంతటికీ ఒకేలా వర్తించదు. చెన్నై, బెంగళూరు రిజిస్ట్రీల్లో కడుపు క్యాన్సర్ ముంబై కంటే ఎక్కువ కనబడుతూ వచ్చింది. ఈశాన్యంలో మిజోరాం అన్నిటినీ మించిపోయింది. అక్కడ పొగాకు పొగను నీళ్లలోకి పట్టి తయారుచేసే తుయిబుర్ అనే ద్రావకాన్ని పుక్కిలిస్తారు, సౌమ్ అనే పులియబెట్టిన పంది కొవ్వు కూరల్లో వాడతారు. దిబ్రూగఢ్ పరిశోధకులు ఈ రెంటినీ, పొగబెట్టిన మాంసాన్నీ, ఉప్పు చేపనూ క్యాన్సర్‌తో ముడిపెట్టారు.

ఉప్పు అనగానే మన వంటింటికే రావాలి. కల్లుప్పు పోసి ఊరబెట్టిన ఊరగాయ జాడీ, మజ్జిగలో నానేసి ఎండబెట్టిన మిరపకాయలు, అప్పడాలు, సంతలో ఎండు చేపలు. ఆంధ్రప్రదేశ్‌లో 24 గంటల మూత్రం పట్టి కొలిచిన ఒక అధ్యయనంలో సగటు మనిషి రోజుకు సుమారు 9.5 గ్రాముల ఉప్పు తింటున్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాములు. గాఢమైన ఉప్పు జిగురు పొరను కరిగించి కింది కణాలను గాయపరుస్తుంది. ఉప్పు ఎక్కువైతే పైలోరి తన కాగ్-ఏ ప్రొటీన్‌ను మరింతగా తయారుచేస్తుందని ప్రయోగశాలల్లో చూశారు. ఉప్పుకూ కడుపు క్యాన్సర్‌కూ ఉన్న రుజువులు చాలావరకు తూర్పు ఆసియావి. అక్కడి ఉప్పునీటి కూరగాయలు, ఉప్పు చేపలు మన ఆవకాయ లాంటివి కావు, నిజమే. అయినా ఉప్పుకు ఏ దేశమైనా ఒకటే. అన్నంలో రెండు బద్దలు నంజుకునేవాడికీ, కూర లేని పూట ఊరగాయతోనే ముద్దంతా లాగించేవాడికీ తేడా ఉంది. రెండోది పేదరికపు తిండి. వంద ఏళ్లుగా సంపన్న దేశాల్లో కడుపు క్యాన్సర్ తగ్గుతూ రావడానికి మందుల కంటే ముందు పనిచేసింది ఫ్రిజ్. ఉప్పులో, పొగలో నిలవ చేసే అవసరాన్ని తీసేసి, తాజా కూరగాయలూ పండ్లూ ఏడాది పొడవునా అందించింది.

ఉప్పు తర్వాత నైట్రేట్. బోరు నీళ్లలో ఇది రుచికి, రంగుకు తెలియదు. చేలల్లో చల్లిన యూరియా, పెంటదిబ్బలు, సిమెంటు లేని మరుగుదొడ్డి గుంతలు దీనికి మూలం. మన దేశపు తాగునీటి ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. ఆంధ్రప్రదేశ్‌లో చాలాచోట్ల భూగర్భజలం ఈ హద్దు దాటుతోందని కేంద్ర భూగర్భజల మండలి నివేదికలు చెబుతూనే ఉన్నాయి. నైట్రేట్ ఒంటరిగా పెద్ద ప్రమాదకారి కాదు. నోట్లోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, కడుపులో అది మాంసకృత్తుల ముక్కలతో కలిసి నైట్రోసమీన్లుగా మారుతుంది. అవే కణాల జన్యువులను గాయపరిచేవి. కొర్రెయా 1975లో బావి నీళ్ల నైట్రేట్‌ను అనుమానించడానికి కారణం ఇదే. యాసిడ్ తగ్గిన కడుపులో బయటి బ్యాక్టీరియా కూడా పెరిగి ఈ పని ఇంకా ఊపందుకుంటుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటొకటి. నీళ్లు కాచితే పైలోరి చస్తుంది, నైట్రేట్ పోదు. నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. దానికి ఆర్‌వో కావాలి, లేదా వేరే నీళ్లు.

ఈ గొలుసును మధ్యలో తెంపగలిగింది విటమిన్ సి. నైట్రైట్‌ను నైట్రోసమీన్ కాకముందే పట్టేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కడుపు తన రసంలోకి విటమిన్ సిని స్వయంగా పంపుతుంది. పైలోరి ఉన్న కడుపులో అది పడిపోతుంది. పులివెందుల, అనంతపురం చీనీ తోటల సరుకు లారీల్లో ఢిల్లీ, నాగపూర్ పోతుంటే, తోట పక్క ఊళ్లో పిల్లలకు పండు తినే అలవాటు లేకపోవడం మన ప్రాంతపు వింత. సంగటిలోకి గోంగూర, చింతచిగురు, పచ్చి ఉల్లిపాయ ఉన్న పూట బాగుంటుంది. వెల్లుల్లి సంగతి చైనాలోని లించూ జిల్లా దగ్గర చెబుతాను.

పొగాకు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఎందుకంటే సందేహం లేదు. బీడీ తాగేవాడి కడుపు పొరలో ఈ మార్పులు ఎక్కువ, క్యాన్సర్ ఎక్కువ. సారా, బ్రాందీ రోజూ మోతాదు మించితే ముప్పు పెరుగుతుంది. లావు శరీరం కడుపు పైమూతి దగ్గరి క్యాన్సర్‌ను పెంచుతుంది. గనుల దుమ్ము మీద అనుమానాలున్నాయి. ఒకప్పుడు పులివెందుల, లింగాల ప్రాంతంలో తవ్విన రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, ఊపిరితిత్తులకు చేసే హాని అందరికీ తెలిసిందే. కడుపు క్యాన్సర్‌తోనూ దానికి సంబంధం కనబడుతోందని అంతర్జాతీయ సమీక్షలు రాశాయి. ఎ బ్లడ్ గ్రూపువాళ్లకు కడుపు క్యాన్సర్ కాస్త ఎక్కువని 1953లోనే ఇంగ్లండులో కనిపెట్టారు. గ్రూపు మార్చుకోలేం కాబట్టి దాన్ని తల్లో పెట్టుకోవద్దు. తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో కడుపు క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం పెట్టుకోవాలి. అలాంటి ఇంట్లో ముప్పు రెండు మూడు రెట్లు. అందులో జన్యువులు కొంత, ఒకే కుండ నీళ్లు తాగిన బాల్యం కొంత.

క్రిమి ప్రమేయం లేకుండానే క్షీణత తెచ్చే దారి ఒకటుంది. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే యాసిడ్ కణాలను శత్రువులనుకుని చంపేస్తుంది. ఆడవాళ్లలో ఎక్కువ. థైరాయిడ్ జబ్బు, చిన్నప్పుడే వచ్చే షుగరు ఉన్నవాళ్లలో ఎక్కువ. యాసిడ్‌తో పాటు బి12 విటమిన్‌ను పట్టుకునే ప్రొటీన్ కూడా పోవడంతో రక్తం తగ్గి, అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు వస్తాయి. బి12 సూదులు వేయించుకుంటే తిమ్మిర్లు తగ్గుతాయి. అసలు ఎందుకు తగ్గిందని ఒకసారి కడుపులోకి చూడటం మాత్రం మరిచిపోతాం.

ఇప్పుడు ఆ గ్యాస్ మాత్ర. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ కుటుంబపు మందులు యాసిడ్ ఊరే పంపును ఆపుతాయి. అల్సర్ రోగులకు ఇవి ప్రాణదాతలు, అనుమానం లేదు. ఏళ్ల తరబడి డాక్టరు చీటీ లేకుండా కిరాణా కొట్టు బిస్కెట్ల పక్కన కొనుక్కుని మింగడం వేరే సంగతి. కడుపులో పైలోరి ఉండగా యాసిడ్‌ను చాలాకాలం అణిచేస్తే, వాపు కింది భాగం నుంచి పైభాగానికి, అంటే చెడ్డ దారికి జరుగుతుందని 1996 నుంచి వాదన నడుస్తోంది. క్యాన్సర్ దాకా తీసుకుపోతుందా అన్నది తేలకపోయినా, దీర్ఘకాలం ఈ మాత్రలు వాడాల్సినవాళ్లు ముందు పైలోరి పరీక్ష చేయించుకోవాలని నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. రెండో నష్టం తక్షణం కనబడేది. మాత్ర మంటను అణచడంతో పరీక్ష వాయిదా పడుతుంది. ఒక్కోసారి ముందుదశ క్యాన్సర్ పుండు కూడా పైపైన మానినట్టు కనబడుతుంది. బరువు తగ్గడం, ముద్ద దిగకపోవడం, నల్లటి విరేచనం, కారణం తెలియని రక్తహీనత, తిన్నది వాంతి కావడం, యాభై దాటాక కొత్తగా మొదలైన అజీర్తి, ఇవి ఉన్నవాళ్లు మాత్రతో ప్రయోగాలు చేయకూడదు. గొట్టం వేయించుకోవాల్సిందే. దానికి కర్నూలు సర్వజన ఆసుపత్రి, తిరుపతి స్విమ్స్ దాకా పోవాల్సి వస్తుందని వాయిదా వేసేవాళ్లు ఎక్కువ.

పైలోరి ఉందో లేదో గొట్టం లేకుండా కూడా తెలుస్తుంది. ఒక ద్రావణం తాగించి ఊపిరి పట్టే పరీక్ష ఉంది, మలం పరీక్ష ఉంది. గ్యాస్ మాత్రలు రెండు వారాలు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాలు ముందే ఆపాలి, లేకపోతే ఉన్న క్రిమి లేనట్టు చూపిస్తుంది. చికిత్స సాధారణంగా 14 రోజులు, యాసిడ్ మందుతో పాటు రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్. ఇక్కడే మనకో దెబ్బ తగిలింది. 2003లో హైదరాబాద్ సహా పలు నగరాల నమూనాలు పరీక్షిస్తే, నాలుగింట మూడు వంతులకు పైగా క్రిములు మెట్రోనిడజోల్‌కు లొంగలేదు. విరేచనం పట్టినప్పుడల్లా రెండు మాత్రలు మింగి మానేసిన ఫలితమిది. అందుకే కోర్సు ముగిశాక నెల తర్వాత మళ్లీ పరీక్ష చేయించి, క్రిమి పోయిందని నిర్ధారించుకోవాలి. ఎక్కువమంది ఈ రెండో పరీక్షకు రారు.

క్రిమిని చంపితే మెట్లు దిగుతామా? చైనా షాన్‌డాంగ్ రాష్ట్రంలో లించూ జిల్లా కడుపు క్యాన్సర్‌కు పేరుమోసింది. 1995లో అక్కడ పైలోరి ఉన్నవాళ్లలో కొందరికి కేవలం రెండు వారాలు మందులిచ్చారు. ఇంకొందరికి ఏడేళ్లపాటు విటమిన్లు, మరికొందరికి వెల్లుల్లి సారం. 22 ఏళ్ల తర్వాత లెక్క చూస్తే, రెండు వారాల మందులు తిన్నవాళ్లలో క్యాన్సర్ సగానికి తగ్గింది. విటమిన్లూ తగ్గించాయి. వెల్లుల్లి తీసుకున్నవాళ్లలో కడుపు క్యాన్సర్ మరణాలు తగ్గాయి. కాకపోతే అక్కడ వాడింది పాతబెట్టిన వెల్లుల్లి సారం, కూరలో వేసిన నాలుగు రెబ్బలు కాదు. 2004లో చైనాలోనే ఇంకో అధ్యయనం మాత్రం, అప్పటికే క్షీణతో మెటాప్లేసియానో ఉన్నవాళ్లకు క్రిమిని చంపినా ఆ ఏడున్నరేళ్లలో లాభం కనబడలేదని చెప్పి అందరినీ నిరాశపరిచింది. ఒక గీత దాటాక వెనక్కి రాలేమనే భయం అప్పుడు మొదలైంది. 2018లో దక్షిణ కొరియా ఆ భయాన్ని కొంత తగ్గించింది. ముందుదశ క్యాన్సర్ ముక్కను ఎండోస్కోపీతో తీయించుకున్నవాళ్లకు సైతం క్రిమిని చంపితే రెండో క్యాన్సర్ సగానికి తగ్గింది. దాదాపు సగంమందిలో క్షీణత కూడా కొంత నయమైంది.

కాబట్టి బయాప్సీ రిపోర్టు చేతికొచ్చినప్పుడు మెటాప్లేసియా అన్న మాట దగ్గరే ఆగిపోవద్దు. ముక్కలు ఎక్కడెక్కడి నుంచి తీశారో చూడాలి. కింది భాగం నుంచి రెండు, పైభాగం నుంచి రెండు, మధ్య వంపు నుంచి ఒకటి తీస్తే మొత్తం కడుపు సంగతి తెలుస్తుంది. ఒక్క ముక్కతో తెలియదు. మార్పు కింది భాగంలో ఒక్కచోటే ఉండి, ఇంట్లో ఎవరికీ ఈ క్యాన్సర్ రాకపోతే, క్రిమి ఉంటే దాన్ని వదిలించుకుంటే చాలు, ఏటా గొట్టం వేయించుకోనక్కర్లేదని ఐరోపా మార్గదర్శకాలు చెబుతున్నాయి. రెండు భాగాల్లోనూ విస్తరించి ఉంటే మూడేళ్లకోసారి. దానికి తోడు అమ్మకో, నాన్నకో, అన్నకో వచ్చి ఉంటే ఏడాదికో రెండేళ్లకో ఒకసారి. బీడీ మానడం అన్నిటికీ ముందే చేయాల్సిన పని. ఊళ్లోని డాక్టరు ఈ లెక్కలేవీ చెప్పకుండా "గ్యాస్ట్రైటిసే, భయం లేదు" అని రిపోర్టు మడిచి ఇస్తే, దాన్ని పారేయకుండా దాచుకుని, ఒకసారి గ్యాస్ట్రో డాక్టరుకు చూపించాలి. వచ్చేసారి గొట్టం వేసేటప్పుడు పాతదానితో పోల్చి చూడటానికి అదే ఆధారం.